చిన్న ఊరి షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి డైరెక్టర్ సొంత డబ్బుతో వెళ్లాలా? నేను వెళ్లొచ్చాను, లెక్క తేలట్లేదు

నిద్రలేని_ఎడిట్
ఊరి పేరు చెప్పను, ఫెస్టివల్ పేరూ చెప్పను. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో ఆరున్నర గంటలు, కర్ణాటక కొండల్లో మలెనాడు వైపు ఒక తాలూకా ఊరు అనుకోండి. నా 14 నిమిషాల సినిమా సెలెక్ట్ అయిందని మెయిల్ వచ్చినప్పుడు ఆఫీసు కాల్‌లో ఉన్నాను. మ్యూట్ నొక్కి గంతేశాను. మ్యూట్ సరిగ్గా పడలేదని తర్వాత తెలిసింది, అది వేరే కథ.

ఇప్పుడు ఖర్చు రాసుకుంటున్నా. ఎంట్రీ ఫీజు 700. బస్సు రానూపోనూ 1,900. లాడ్జి రెండు రాత్రులు 2,400. హాస్పిటాలిటీ ఉంటుందన్నారు, అంటే భోజనం కూపన్లని అక్కడికెళ్లాక అర్థమైంది. పోస్టర్ ప్రింటు 350, అదీ అంటించనివ్వలేదు, కల్యాణ మండపం గోడ పెయింటు లేచిపోతుందట. మొత్తం 5,350, పైగా రెండు రోజుల లీవు.

నా స్లాట్ పొద్దున 11:40. ముఖ్య అతిథి గంటన్నర లేటు. ఆయన వచ్చాక దీపం, ప్రార్థన, శాలువాలు, మైసూరు పేటా తలపాగాలు, పళ్ల బుట్టలు. నా సినిమా మొదలయ్యేసరికి ఒంటిగంటా పది. వెనక షెడ్డులో చిత్రాన్నం, కేసరిబాత్ వడ్డన మొదలైపోయింది. హాల్లో నాతో కలిపి పదకొండు మంది. ఒకాయన నిద్ర.

సినిమా పడింది. మాటలు లేవు! సంగీతం ఉంది, నీళ్ల ట్యాంకర్ హారన్ ఉంది, మనుషులు నోళ్లు కదుపుతున్నారు, మాట మాత్రం రాదు. ఆపించి మళ్లీ వేయించాను. అదే. చివరికి మూగ సినిమాగానే నడిచింది. అయిపోయాక చప్పట్లు కూడా కొట్టారు, అది ఇంకా నొప్పి.

అడిగేది ఒకటే. ఇలాంటి వాటికి మనం వెళ్లడంలో అర్థముందా? లింకు పంపేసి, పోస్టర్ మీద లారెల్ (ఫెస్టివల్ వాళ్లిచ్చే ఆకుల గుర్తు) వేసుకుని ఇంట్లో కూర్చుంటే పోదా?

సౌండ్_శీను
నువ్వు 5.1 మిక్స్ ఇచ్చావు. అవునా కాదా?

నిద్రలేని_ఎడిట్
అవును. ప్రోరెస్ (ఎడిటింగులో వాడే బరువైన వీడియో ఫైలు), 5.1. ఉన్నదాంట్లో మంచిదే ఇద్దామని.

సౌండ్_శీను
అక్కడే బోల్తా పడ్డావ్ బ్రో. 5.1 అంటే ఆరు చానెళ్ల సౌండ్, అందులో మాటలన్నీ సెంటర్ చానెల్లో కూర్చుంటాయి. సంగీతం, చుట్టూ చప్పుళ్లు ఎడమా కుడీ. ఆ ల్యాప్‌టాప్ మొదటి రెండు చానెళ్లనే స్పీకర్లకి వదిలి మిగతా నాలుగూ మింగేసి ఉంటుంది. అందుకే హారన్ వినపడింది, మనిషి వినపడలేదు. పెళ్లి మైకు సెట్టుకి సెంటర్ స్పీకర్ ఎక్కణ్ణించి వస్తుంది?

చిన్న ఊరికి ఎప్పుడూ స్టీరియో. అదీ 5.1ని ఊరికే మడతపెట్టింది కాదు, మాటలు కాస్త పైకి లేపి విడిగా చేసుకున్న మిక్స్. పైన ఫ్యాన్లు తిరుగుతుంటాయి, పక్కన పిల్లలు ఏడుస్తుంటారు.

ఇంకోటి. 14 నిమిషాల ప్రోరెస్ హెచ్‌క్యూ అంటే దగ్గరదగ్గర 18 జీబీ. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అసలు ఎక్కదు. హెచ్.264 ఎంపీ4, 20 ఎంబీపీఎస్ పెట్టుకో. రెండు జీబీ చిల్లరలో అయిపోతుంది. ఆ తెర మీద తేడా నీ డీఓపీకి, అదే కెమెరామన్‌కి కూడా తెలీదు.

తిండిపోతు_డీఓపీ
డీఓపీలకి అన్నీ తెలుస్తాయి, బయటికి చెప్పం అంతే. ఇంతకీ కేసరిబాత్ ఎలా ఉంది?

నిద్రలేని_ఎడిట్
నెయ్యి వేళ్లకి అంటుకుంది. తృప్తిగా తిట్టుకోవడానికి కూడా లేకుండా చేశారు.
శీనూ, నేను బ్రో కాదు.

సౌండ్_శీను
సారీ అక్కా. 5.1 అయితే బ్రోకైనా అక్కకైనా అదే చేస్తుంది.

కట్_చెప్పను
నేను సూటిగా చెప్తా, కోపం తెచ్చుకోకండి. 5,350ని పదకొండుతో భాగించండి. తలకి 486 రూపాయలు. ఆ డబ్బుతో వాళ్లందరినీ మల్టీప్లెక్స్‌కి తీసుకెళ్లి, ఇంటర్వెల్లో మీ సినిమా ఫోన్లో చూపించి రావచ్చు.

మారతహళ్లి_మూర్తి
తనని తను లెక్కేసుకోకూడదు కదా. పది మంది. నిద్రపోయినాయన్ని తీసేస్తే తొమ్మిది. తలకి 594.

కట్_చెప్పను
చూశారా, ఇంకా పెరిగింది.

పెనుకొండ_పిల్ల
నాదీ ఒక కత చెప్తా. మా పక్క ఊర్లో జూనియర్ కాలేజీ రేకుల షెడ్డులో ఏసినారు నా సినిమా. పన్నెండు నిమిషాలు. ఏడో నిమిషంలో కరెంటు పాయ. జనరేటర్లో డీజిల్ లేదు. ఒక పిల్లోడు క్యాను తగిలించుకొని సైకిల్ మీద బంకుకి పోయినాడు. ముప్పావు గంట పట్టె. ఒక్కరు లేసిపోలేదు సామీ! ఎందుకంటే మా మేనమామ అందులో యాక్ట్ చేసినాడు, ఆయప్ప బతుకుతాడా సస్తాడా అని వాళ్లకి తెలియాల. చీకట్లో నా చుట్టూ చేరి ఒకటే అడిగేది, చెప్పు పాపా, సస్తాడా అని. నేను చెప్పలే.

అదే సినిమా బెంగళూరు ఇందిరానగర్లో ఒక కెఫేలో ఏస్తే, ఏడో నిమిషంలో కరెంటు ఉండాది, జనమే లేరు. బయట సిగరెట్ తాగుతాండారు.

తిండిపోతు_డీఓపీ
మేనమామ చచ్చాడా?

పెనుకొండ_పిల్ల
కరెంటు వచ్చినాక సచ్చిపాయ. ఊరంతా నన్ను తిట్నారు. ఆయప్ప మాత్రం ముందు వరసలో కూర్చోని సంతోషంగా ఉన్న్యాడు.

పాత_నెగటివ్
మలెనాడు అన్నావు కాబట్టి గుర్తొచ్చింది తల్లీ. సాగర దగ్గర హెగ్గోడు అని ఒక పల్లె. కె.వి. సుబ్బణ్ణ, ఆయన స్నేహితులు కలిసి 1949లో అక్కడ నీనాసం మొదలుపెట్టారు. అందరికీ నాటకాల సంగతి తెలుసు గానీ, 1970ల్లో ఫిల్మ్ సొసైటీ కూడా నడిపారు. పుణె ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి పి.కె. నాయర్ గారు 16 ఎంఎం ప్రింట్లు పంపేవారు. వక్కతోటల్లో పనిచేసుకునేవాళ్లు కూర్చుని జపాన్ సినిమాలూ ఇటలీ సినిమాలూ చూశారు. వాళ్లకి ఆ భాషలొచ్చా? సుబ్బణ్ణ గారికి 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. అంచేత చిన్న ఊరు, జనానికి అర్థం కాదు అని మాత్రం అనకండి.

కట్_చెప్పను
ఆ మాట నేను అనలేదు సార్. నాయర్ గారు ప్రింటు పంపారు. ఆ సినిమా తీసిన డైరెక్టరు ఇటలీ నుంచి లాడ్జికి డబ్బు కట్టుకుని రాలేదు కదా. ఇక్కడ ప్రశ్న వెళ్లాలా వద్దా అని. సినిమా పంపాలా వద్దా అని కాదు.

పాత_నెగటివ్
దెబ్బ తగిలింది. ఒప్పుకున్నా.

వేపాకు_లారెల్
ఇంట్లో కూర్చుని లారెల్ వేసుకుంటే పోదా అని అడిగారు కదా, ఆ పని చేసిన వాణ్ణి నేను. ఫెస్టివల్స్‌కి సినిమాలు పంపే ఫిల్మ్‌ఫ్రీవే సైట్లో నెలనెలా "ఉత్తమ చిత్రం" ఇచ్చేవాటికి వరసగా పంపాను. ఒక్కోటి పది, పదిహేను డాలర్లు. మొత్తం 23 లారెళ్లు. పోస్టర్ మీద హీరో మొహం కనపడదు, ఆకులే. మా అమ్మ చూసి, ఇది అటవీ శాఖ వాళ్ల సినిమానా అంది.

వాటిల్లో సగానికి పైగా హాలే లేదు. తెర లేదు, కుర్చీ లేదు. ఒకదాంట్లో నాకు ఉత్తమ నటి అవార్డు వచ్చింది. నా సినిమాలో నటి లేదు, ఇద్దరు ముసలాళ్లూ ఒక మేకా. ట్రోఫీ కావాలంటే కొరియర్‌తో కలిపి 120 డాలర్లన్నారు.

నిద్రలేని అక్కా, మీకు కనీసం నిద్రపోయే ప్రేక్షకుడున్నాడు.

తిండిపోతు_డీఓపీ
ఆ మేక ఆడదేమో. అవార్డు దానిదే.

వేపాకు_లారెల్
మూడేళ్లుగా ఈ కోణంలో ఆలోచించలేదు.

మారతహళ్లి_మూర్తి
డబ్బు పోయాల్సిందే అయితే మన ఊళ్లోనే బెంగళూరు ఇంటర్నేషనల్ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది, ఆస్కార్ అర్హత ఉన్నది. మెట్రోలో వెళ్లి రావచ్చు, లాడ్జి అక్కర్లేదు.

నిద్రలేని_ఎడిట్
మెట్రోలో వెళ్లొచ్చు. లోపలికి సెలెక్ట్ అవ్వాలి కదా మూర్తిగారూ. రెండుసార్లు "ఈసారి చాలా మంచి సినిమాలు వచ్చాయి" అన్న మెయిల్ వచ్చింది.

కట్_చెప్పను
పెద్దవాటి మీద ఆశ ఉంటే ఇంకో సంగతి చూసుకోండి. కొన్ని పెద్ద ఫెస్టివల్స్ ఇండియా ప్రీమియర్, అంటే దేశంలో మొదటి ప్రదర్శన తమదే కావాలంటాయి. ముందే తాలూకా ఊళ్లో వేసేస్తే ఆ మాట పోయినట్టే. పంపేముందు వాళ్ల నిబంధనలు చదువుకోవాలి. ఆస్కార్ వాళ్ల లెక్కలో షార్ట్ అంటే టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల లోపు. అది చూసి 38 నిమిషాలది తీసుకుని చిన్న ఊరికి పంపితే, ప్రోగ్రామ్ వేసేవాడు నాలుగు సినిమాలు పక్కన పెట్టి మీదొకటి వెయ్యాలి. ఎందుకేస్తాడు? పది, పదిహేను నిమిషాలదైతే ఎక్కడో ఒకచోట ఇరికిస్తాడు.

తిండిపోతు_డీఓపీ
ఇప్పుడు తిండి మాటలు కాదు, వృత్తి మాట. నీ ఫ్రేము 2.39 (ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పు) అయివుంటుంది, అందరం అదే మోజులో ఉన్నాం. కల్యాణ మండపాల్లో అద్దెకొచ్చే ప్రొజెక్టరు చాలావరకు 1024 × 768. అంటే 4:3. నీ బొమ్మ అడ్డంగా నిండితే నిలువున 428 గీతలే మిగులుతాయి. తెరలో సగం కంటే కాస్త ఎక్కువ, మిగతాదంతా పైనా కిందా నలుపు. అదీ నిజమైన నలుపు కాదు, బూడిద రంగు, ఎందుకంటే తలుపు సందుల్లోంచి మధ్యాహ్నం ఎండ వస్తుంటుంది. నా రాత్రి షాట్లు ఇలాంటి చోట ఒకసారి చూశా. ఒకాయన ప్రొజెక్టర్ చెడిపోయిందేమోనని లేచి వెళ్లి తట్టాడు. అప్పట్నుంచి గ్రేడింగులో (రంగులూ వెలుగూ సరిచేసేటప్పుడు) ఫెస్టివల్ కాపీ విడిగా చేయిస్తున్నా, నీడలు ఒక మెట్టు పైకి లేపి.

సౌండ్_శీను
సొంత ల్యాప్‌టాప్, సొంత హెచ్‌డీఎంఐ తీగ, అడాప్టరు పట్టుకెళ్లాలి. అక్కడివాళ్ల మీద ఆధారపడకూడదు.

నిద్రలేని_ఎడిట్
అడాప్టర్ పట్టుకెళ్లాను శీనూ. మాటలు రానప్పుడు కంగారులో నా ల్యాప్‌టాప్‌కి మార్చి చూద్దామని పీకాం, ఈలోగా ఆపరేటర్ మళ్లీ వాళ్లదాంట్లో వేసేశాడు. ఆ గొడవలో అడాప్టర్ కూడా అక్కడే పోయింది. 1,150. ఖర్చులో రాయడం మర్చిపోయాను.

మారతహళ్లి_మూర్తి
6,500. తలకి 722.

పెనుకొండ_పిల్ల
ఈ మూర్తన్నకి ఎవరన్నా క్యాలిక్యులేటర్ పీకేయండి.
అక్కా, సినిమా అయినాక ఏమీ అడగలేదా వాళ్లు? ప్రశ్నలూ గిశ్నలూ?

నిద్రలేని_ఎడిట్
ఒకాయన అడిగాడు. చెప్పాలా వద్దా అనుకుంటున్నా, ఎందుకంటే అది నా తప్పే.

సినిమా కథ చిన్నది. అనంతపురం దగ్గర ఊళ్లో బోరు ఎండిపోయి ఒకతను బెంగళూరొచ్చి, బెళ్లందూరులో అపార్ట్‌మెంట్లకి నీళ్ల ట్యాంకర్ తోలతాడు. 2024 ఎండాకాలంలో ఇక్కడ నీళ్లకి పడ్డ పాట్లు చూశాక రాసుకున్నది. అందులో నాకు బాగా ఇష్టమైన షాటొకటి ఉంది. నిండిన ట్యాంకు, పైన మూత తీసి ఉంటుంది, బండి కదులుతుంటే గుండ్రటి నీళ్లలో ఆకాశం వణుకుతుంది. ఆ షాట్ కోసం రెండు పొద్దున్నలు తిన్నాం.

మైకు ఇచ్చారు. మూడో వరసలో లుంగీ కట్టుకున్నాయన లేచి, "మేడమ్, ముచ్చళ యాకె హాకిల్ల?" అన్నాడు. మూత ఎందుకు వెయ్యలేదని. నేను తడబడ్డాను, అది దృశ్యపరంగా అని ఏదో మొదలుపెట్టాను. ఆయన ఆగలేదు. నిండు బండి మూత వెయ్యకుండా ఏ డ్రైవరూ కదిలించడట. మొదటి బ్రేకుకే నీళ్లు ఎగిరి ముందు అద్దం మీద పడతాయట, దారి కనపడదట. "మీ డ్రైవరు నీళ్ల విలువ తెలిసినవాడని చూపించారు కదా, మరి వాడే నీళ్లు పారబోసుకుంటూ ఎలా వెళ్తాడు?" ఇది కన్నడంలో అడిగాడు, నాకు ప్రతి మాటా అర్థమైంది.

మాటలు వినపడకపోతే ఏం, ఆయన చేతులు చూశాడు. మూత తీసి పెట్టమన్నది నేనే. మా నటుడు అసలైన ట్యాంకర్ డ్రైవరే, రెండుసార్లు వెయ్యబోయాడు. నేనే వద్దన్నాను.

పెనుకొండ_పిల్ల
అబ్బా.

తిండిపోతు_డీఓపీ
నీ డీఓపీని తిట్టాలి ముందు. ఆ షాట్ ఖచ్చితంగా వాడి ఐడియానే.

నిద్రలేని_ఎడిట్
డీఓపీ కూడా నేనే.

తిండిపోతు_డీఓపీ
అయితే గొప్ప షాట్.

పాత_నెగటివ్
హెగ్గోడు అని చెప్తే నవ్వారు కదా. లుంగీ కట్టుకున్నాయన లేచాడు చూడండి.

కట్_చెప్పను
నవ్వలేదు సార్, వాదించాను. ఆ ప్రశ్న బాగుంది, కాదనను. కానీ అదే ప్రశ్న బెళ్లందూరు టీకొట్టు దగ్గర నలుగురు డ్రైవర్లకి రఫ్ కట్ చూపిస్తే ఊరికే వచ్చేది. షూటింగు ముందైతే షాటే మారేది. ఆరున్నర గంటలు బస్సులో వెళ్లి తెలుసుకోవాల్సిన సంగతి కాదది.

నిద్రలేని_ఎడిట్
నిజమే. టీకొట్టు వాళ్లకి చూపించాలని తట్టలేదు. నాకు తెలిసిన నలుగురు ఎడిటర్లకి చూపించాను. నలుగురూ ఆ షాటే మెచ్చుకున్నారు.

అరెకాయ_88
మూడు రోజులుగా ఊరికే చదువుతున్నా, ఇక ఆగలేక ఖాతా తెరిచా. మాది బళ్లారి, ఉద్యోగం ఆ ఊళ్లో. ఆ ఫెస్టివల్లో కుర్చీలు వేసినవాళ్లలో నేనొకణ్ణి. పేరు మీరు చెప్పలేదు, నేనూ చెప్పను.

ముందు క్షమాపణ. సినిమాలు ముందురోజు వేసి చూసుకోవాలి. మండపంలో ముందురోజు రాత్రి రిసెప్షన్ ఉంది, తెల్లవారి నాలుగింటికి హాలు మా చేతికొచ్చింది. నేలంతా గులాబీ రేకులు, ఐస్‌క్రీం కప్పులు. ఊడ్చేసరికి ఏడు.

ముఖ్య అతిథి సంగతి. అందరూ ఆయన్ని తిడతారు, మేమూ తిట్టుకున్నాం. కానీ హాలు అద్దె లేకుండా ఇప్పించింది ఆయనే. ఆయన రాకముందు దీపం వెలిగిస్తే వచ్చే ఏడాది హాలుండదు. మీ 700 రూపాయల్లో ప్రొజెక్టరు అద్దె, చిత్రాన్నం పోగా మిగిలిందేమీ లేదు. ప్రతి ఏడాదీ రిటైరైన లెక్చరర్ ఒకాయన తన జేబులోంచి వేస్తారు, ఇంట్లో తెలీకుండా.

ఒక్కటి మాత్రం మా తప్పు కాదు. సెలెక్షన్ మెయిల్లో స్టీరియో ఎంపీ4 పంపండి అని రాశాం.

నిద్రలేని_ఎడిట్
ఉంది. ఇప్పుడే తీసి చూశా. నాలుగో పేరా. "అభినందనలు" దగ్గరే ఆగిపోయినట్టున్నాను.

సౌండ్_శీను
ఈ థ్రెడ్‌లో నా ఫీజు ఎవరు కడతారు?

మారతహళ్లి_మూర్తి
తలకి చెప్పనా?

అరెకాయ_88
ఆ లుంగీ ఆయన ఎవరో మీకు తెలీదు కదా. మా ఫెస్టివల్‌కి నీళ్లు తోలేది ఆయనే. ఆ పూట వంటకి ట్యాంకు దింపడానికొచ్చి, పైపు పెట్టి, నీళ్లు నిండేలోపు లోపలికొచ్చి కూర్చున్నారు. తెర మీద ట్యాంకర్ చూసి ఉండిపోయారు. బయట తొట్టి పొంగి చెప్పులన్నీ తడిసిపోయాయి.

పెనుకొండ_పిల్ల
ఆయప్పే నీళ్లు పారబోసినాడా! నవ్వలేక సస్తాండ.

నిద్రలేని_ఎడిట్
నా చెప్పులు తడిసింది అందుకా! వాన పడిందనుకున్నాను.

కట్_చెప్పను
ఇంత అయ్యాక కూడా నా మాట మారదు. లింకు పంపండి, లీవు మిగుల్చుకోండి. కానీ ఆయనకి మాటలున్న కాపీ మాత్రం ఎవరో ఒకరు చూపించాలి.

నిద్రలేని_ఎడిట్
స్టీరియో కాపీ ఈ ఆదివారం తీస్తున్నా. కన్నడ సబ్‌టైటిళ్లు ఎవరైనా సరిచూసి పెడతారా? ఇంగ్లిష్ పెట్టి ఆ ఊరు తీసుకెళ్లడం నా రెండో తెలివితక్కువతనం. టైటిల్ కార్డు మాత్రం వాళ్లు మన అక్షరాలే కూడబలుక్కుని చదివేశారు. ఆ షాట్ తీసేయను. దాని తర్వాత డ్రైవరు దిగి మూత వేసే టేకొకటి ఉంది, కెమెరా ఆపడం మర్చిపోతే పడింది. దాన్ని కలుపుతున్నా.

అరెకాయ_88
కన్నడ నేను చూస్తాను, పంపండి. ఆ ట్యాంకర్ ఆయన వాళ్ల గ్యారేజీ గోడ మీదే వేద్దాం, అక్కడ హాలు కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు.
అన్నట్టు, ప్రొజెక్టరు పెట్టెలో అడాప్టరొకటి మిగిలింది. నల్లది, తెల్ల టేపు చుట్టి ఉంది. మీదేనా?

నిద్రలేని_ఎడిట్
నాదే!! టేపు మీద "శీను" అని రాసి ఉండాలి.

సౌండ్_శీను
ఒక్క నిమిషం. కిందటేడు నా దగ్గర అడాప్టర్ పట్టుకెళ్లింది నువ్వేనా?